కొలత ముందు, కొనుగోలు తరువాత

బ్రహ్మంగారిమఠం సమీపాన బ్రహ్మంసాగరం కట్టమీద వైశాఖ మాసపు మధ్యాహ్నం నిలుచున్న వానికి ఒక ఆలోచన రాక మానదు. ఇంత ఎండ మన నెత్తిమీద కురుస్తున్నదే, దీనిలో రవ్వంతయినా మన ఇంటి దీపానికి పనికిరాదా అని. పనికివస్తుందనడానికి నిదర్శనం మన జిల్లాలోనే ఉన్నది. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కును తలపెట్టినారు. అందులో 250 మెగావాట్ల భాగం 2020 నాటికి పనిచేయ నారంభించినది. అయితే నేటి ప్రసంగం అంతటి పెద్ద పార్కును గురించి కాదు. ఒక ఇంటి మిద్దెమీద పెట్టుకొనే రెండు మూడు ఫలకాలను గురించి, మరి ముఖ్యంగా వాటిని విదేశాలనుంచి తెప్పించుకొనాలనే కోరికను గురించి.

ఈ కోరిక మన ప్రాంతంలో సహజమైనదే. ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు వైపు గ్రామాలలో కువైట్‌లోనో మరొక గల్ఫు దేశంలోనో బంధువులున్న ఇండ్లు ఎన్నో. అక్కడినుంచి తమ్ముడో బావమరిదో ఫోను చేసి, "అన్నా, ఫలానా దేశపు సరుకు సగం ధరకే దొరుకుతున్నది, పంపమంటావా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు నేను కూడా ఒకనాడు తొందరపడి "పంపు" అని జవాబు చెప్పినవాణ్ణే. కనుక ఈ మాటలు పుస్తకం చూచి చెప్పేవి మాత్రమే కావు.

మా అమ్మ మఠానికి కొంచెం దూరంగా, తోటలోని ఇంట్లో ఉంటుంది. అక్కడ రాత్రిపూట కరెంటుకు నిలకడ లేదు. మా తమ్ముడు కువైట్‌నుంచి డబ్బు కట్టి, ఒక విదేశపు అమ్మకందారునివద్ద మడతపెట్టే సౌరఫలకం ఒకటి, ఇన్వర్టరు ఒకటి తెప్పించినాడు. ఫలకం మీద 400 వాట్లు అని పెద్ద అక్షరాలతో ముద్రించి ఉన్నది. బ్యాటరీ మాత్రం ఇక్కడే కొన్నాము. నాలుగు రోజులు గడిచిన తరువాత అమ్మ అన్నది: "పొద్దుమునిగినాక గాలి బాగనే వస్తాది నాయనా, నిద్ర పట్టే యాళకు పోతాది. ఇది మేలుకున్నోళ్ళకేనా?" ఆ మాటకు నావద్ద సమాధానం లేకపోయినది. తమ్ముడు ఎడారి ఎండలో సంపాదించి పంపిన డబ్బు అది.

అప్పుడు చేసిన లెక్క నేను ముందే చేసి ఉండవలసినది. కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారి మఠం సమీపాననే ఉన్నా, ఈ లెక్కకు దివ్యదృష్టి అక్కరలేదు. కాగితం, పెన్సిలు చాలును. వేయి వాట్ల వస్తువు ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్టు ఖర్చవుతుందని మనకందరికీ తెలిసినదే. ఒక చిన్న సంసారాన్ని తీసుకొందాము. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు నాలుగు, రోజుకు ఐదు గంటలు: 180. పాతరకం 75 వాట్ల ఫ్యాన్లు రెండు, పది గంటలు: 1500. అరవై వాట్ల టెలివిజన్ నాలుగు గంటలు: 240. ఫోన్లకు, రేడియోకు కలిపి 40. వెరసి 1960, అనగా రమారమి రెండు యూనిట్లు.

ఇక ఎండ లెక్క. సూర్యుడు పన్నెండు గంటలు కనబడినా, ఉదయ సాయంకాలాల వాలు వెలుగును మధ్యాహ్నపు నిండు ఎండగా మార్చి లెక్కిస్తే మన ప్రాంతానికి రోజుకు సుమారు ఐదు గంటలు మిగులుతుంది. ఫలకంలో పుట్టిన విద్యుత్తులో వేడివల్ల, తీగెలలో, బ్యాటరీలో, ఇన్వర్టరులో పదింట మూడు వంతులు పోతుందనుకొనడం క్షేమం. కనుక 1960 వాడుకకు 2800 పుట్టాలి. దానిని ఐదుతో భాగిస్తే 560 వాట్ల ఫలకాలు కావాలి.

ఇక్కడ ఒక చిన్న మార్పు చేసి చూడండి. ఆ రెండు పాత ఫ్యాన్లను తీసివేసి, దుకాణాలలో బి.ఎల్.డి.సి. అని పిలిచే 30 వాట్ల ఫ్యాన్లను పెట్టండి. ఫ్యాన్ల ఖర్చు 1500నుంచి 600కు దిగుతుంది. మొత్తం 1060 అవుతుంది. అప్పుడు 300 వాట్ల ఫలకం సరిపోతుంది. మబ్బు రోజులకోసం 400 అనుకొనండి. సముద్రం దాటి చవక సరుకు వెదకడంకంటె ఇంటి కప్పుకు వ్రేలాడే ఫ్యానును మార్చడంలోనే ఎక్కువ ఆదాయం ఉన్నదని ఈ లెక్క చెబుతున్నది.

బ్యాటరీకి రాత్రి వాడుకే ప్రమాణం. పై సంసారంలో కొత్త ఫ్యాన్లు ఎనిమిది గంటలకు 480, దీపాలు 180, టెలివిజన్ 240 కలిపి 900. నష్టాలు చేర్చితే వేయి దాటుతుంది. పన్నెండు వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1800 ఉన్నట్లు కనబడినా, సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. కనుక 200 ఆంపియర్-అవర్‌ది తీసుకొనడం మంచిది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే ఎనభై పాళ్ళవరకు వాడుకొనవచ్చును గనుక 150 చాలును.

ఇప్పుడు విదేశపు సరుకును పరీక్షించే ఉపాయం. నిండు ఎండ ఒక చదరపు మీటరు నేలమీద సుమారు వేయి వాట్ల శక్తిని కుమ్మరిస్తుంది. 1954లో అమెరికాలోని బెల్ పరిశోధనశాల సిలికాన్ సౌరఘటాన్ని లోకానికి చూపినప్పుడు, అది అందులో నూటికి ఆరు పాళ్ళు మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగినది. నేటి మంచి ఫలకాలు ఇరవై, ఇరవైరెండు పాళ్ళు మారుస్తున్నవి. అనగా చదరపు మీటరుకు 200 వాట్లు, మిక్కిలి మేలైన సరుకైతే ఇంకొంచెం ఎక్కువ. మా ఇంటికి వచ్చిన ఫలకాన్ని టేపుతో కొలిచి చూస్తే మొత్తం తొంభై శతాంశాల చదరపు మీటరు. అది 180 వాట్లే ఇవ్వగలదు. మిగిలిన 220 వాట్లు ముద్రలోనే ఉన్నవి, ఫలకంలో లేవు! పొడవును వెడల్పుతో గుణించడం మూడవ తరగతి పిల్లవానికి వచ్చును. కొనేముందు అమ్మకందారుని కొలతలు అడిగి ఆ గుణకారం చేయండి.

ఆ ముద్రలు నిజమైనవే అయినా, అవి ఫలకం 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి లెక్కలు. మన వేసవిలో ఫలకం 65 డిగ్రీలవరకు కాగుతుంది. ఒక్కొక్క డిగ్రీకి నూటికి 0.35 పాళ్ళ చొప్పున శక్తి తగ్గుతుంది కనుక పద్నాలుగు పాళ్ళు అక్కడనే పోతుంది. ఫలకానికి కావలసినది వెలుగు. వేడి దానికి శత్రువు. కనుక మిద్దెకు ఆనించక, క్రింద గాలి ఆడేటట్లు జానెడు ఎత్తున, దక్షిణ ముఖంగా, సుమారు పదిహేను డిగ్రీల వాలున నిలపండి. నాపరాతి గనుల దుమ్ము పడే ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపువారు వారానికొకసారి తెల్లవారుజామున చల్లని ఫలకాన్ని నీటితో కడగండి. కాగిన అద్దంమీద మధ్యాహ్నం చన్నీళ్ళు చల్లరాదు.

దూరదేశపు సరుకుకు మరికొన్ని చిక్కులున్నవి. అమెరికా ఇన్వర్టరు 120 వోల్టులు, 60 సైకిళ్ళది. మన ఇండ్లలోనివి 230 వోల్టులు, 50 సైకిళ్ళు. 160 వాట్-అవర్లు మించిన లిథియం బ్యాటరీని విమాన ప్రయాణికుడు వెంట తీసుకొని రాకూడదు. ఇంటికి కావలసినదో, వేయికి పైమాట. 2022 ఏప్రిల్‌నుంచి విదేశపు ఫలకాలమీద నూటికి నలభై పాళ్ళ సుంకం విధించినారు. తరువాత దాని అమరిక మారినా భారం పోలేదు. 2017నాటి ఉత్తర్వు ఫలకాలకు, ఇన్వర్టర్లకు భారత ప్రమాణాల సంస్థ నమోదును తప్పనిసరి చేసినది. ఇరవైయైదేండ్ల పూచీ అని వ్రాసి ఇచ్చిన కాగితం, అడగబోతే ఈ దేశంలో చిరునామా లేనివాడిదైతే, ఉత్త కాగితమే.

కరెంటు లైను సరిగా ఉన్నవారు ఇంకొక సంగతి గమనించాలి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆపైన 78 వేల రూపాయల సహాయం నిర్ణయించినారు. అది లైనుకు కలిపిన, స్వదేశంలో తయారైన ఫలకాలకే వర్తిస్తుంది. విదేశపు చవకను లెక్కించేవారు ఈ మొత్తాన్ని కూడా త్రాసులో వేయాలి. అయితే బ్యాటరీ లేని అట్టి అమరిక, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణరక్షణకోసం అట్లా చేసినారు. కోతల బాధ తీరాలంటే బ్యాటరీ ఉండవలసినదే.

మా తోటయింట్లో ఇప్పుడు రెండు కొత్త ఫ్యాన్లు, ప్రొద్దుటూరులో కొలత చూచి కొన్న ఫలకం, ఒక పెద్ద బ్యాటరీ ఉన్నవి. ఆ మడత ఫలకాన్ని పారవేయలేదు. దానితో అమ్మ రేడియో, ఫోను నడుస్తున్నవి. మొన్న తమ్ముడు ఫోను చేసి మరొక చవక బేరం చెప్పబోతే, అమ్మే అడ్డుపడి అడిగినది: "పొడుగెంత, వెడల్పెంత నాయనా?"