పేజీ తిప్పితే మాయమయ్యే పిల్లి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన "గ్రంథాలయ డిజిటలీకరణ" అని వేశారు. నిరుడు కార్యవర్గ సమావేశంలో ఆ ప్రతిపాదన పెట్టింది నేనే. బీరువాల్లో ఉన్న పాత కథల పుస్తకాలన్నీ స్కాన్ చేసి ట్యాబుల్లోకి ఎక్కిద్దాం, పసుపెక్కిన కాగితాలు తీసేసి ఆ గదిని కంప్యూటర్ ల్యాబ్ చేద్దాం అన్నాను. మీరంతా చప్పట్లు కొట్టారు కూడా. ఈరోజు ఆ ప్రతిపాదనలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ ఇరవై నిమిషాలు అడిగాను.

నమూనా కోసం మన బీరువాలోంచి రెండు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లాను. లూయీ కారల్ రాసిన 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' ఒకటి, దాని తరువాయి కథ 'త్రూ ది లుకింగ్ గ్లాస్' ఇంకొకటి. రెండింటిలోనూ బొమ్మలు వేసింది జాన్ టెనియల్. స్కాన్ చేశాను. సాఫ్ట్‌వేర్ తన పని చక్కగా చేసింది. అక్షరాలు ఒక ఫైల్లోకి, బొమ్మలు ఒక ఫోల్డర్లోకి సర్దింది. మళ్లీ కలిపి ట్యాబులో పెట్టి, మా పక్కింట్లో ఆరో తరగతి చదివే అమ్మాయికి ఇచ్చాను. రెండు రోజులకు తిరిగి తెచ్చి ఇచ్చింది. "కథ బాగుంది అంకుల్, కానీ అద్దం దగ్గర ఒకే బొమ్మ రెండుసార్లు పెట్టారు. చూసుకోండి" అంది.

చూసుకున్నాను. తప్పు ఆ పిల్లది కాదు.

ఆ కథలో ఆలిస్ చలిమంట గూటి పైనున్న అలమర ఎక్కి, గోడకున్న పెద్ద అద్దంలోకి దూరిపోతుంది. టెనియల్ దానికి రెండు బొమ్మలు వేశాడు. మొదటిదాంట్లో ఆమె వీపు మనవైపు ఉంటుంది, అద్దంలోకి వెళ్తూ ఉంటుంది. రెండోదాంట్లో అద్దానికి అవతలి వైపు నుంచి బయటికి వస్తుంటుంది. ఆ రెండు బొమ్మలూ ఒకే కాగితానికి ఇటూ అటూ అచ్చు వేశారు, ఒకదాని వెనక ఒకటి వచ్చేలా. అంటే ఆ కాగితమే అద్దం. మనం పేజీ తిప్పితే ఆలిస్ అవతలికి వెళ్లిపోతుంది. అవతలి వైపు గడియారానికి నవ్వు ముఖం ఉంటుంది, పూలకుండీకీ ముఖం ఉంటుంది. నా ట్యాబులో అవి ఒకదాని కింద ఒకటి, పాస్‌పోర్టు ఫొటోల్లా నిలబడ్డాయి.

అసలు పుస్తకం ఇచ్చాను. ఆ పిల్ల పేజీ తిప్పింది, వెనక్కి తిప్పింది, మళ్లీ తిప్పింది. ఏమీ అనలేదు. ఐదారుసార్లు తిప్పాక "ఓ" అంది, అంతే.

నేను ఇంజనీరుని. నా పనిలో విడిభాగం సరిగ్గా ఉన్నా తప్పు చోట బిగిస్తే యంత్రం పనిచేయదు. ఇన్నేళ్లుగా ఇతరులకు చెప్పే మాట నేనే మర్చిపోయాను.

ఆ తర్వాత ఈ బొమ్మల చరిత్ర కాస్త చదివాను. అది కూడా చెప్తాను, లెక్కల మాస్టారికి నచ్చుతుంది. ఈ కథ చెప్పింది ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్ట్ చర్చ్ కాలేజీ లెక్కల లెక్చరర్, అసలు పేరు చార్లెస్ డాడ్‌సన్. 1862 జూలై 4న ముగ్గురు లిడెల్ అక్కచెల్లెళ్లను పడవ మీద తీసుకెళ్తూ అల్లిన కథ ఇది. వారిలో ఒకరి పేరు ఆలిస్. ఆ పాపకోసం కథంతా చేత్తో రాసి, తనే 37 బొమ్మలు వేసి 1864లో బహుమతిగా ఇచ్చాడు. అచ్చు వేయించేటప్పుడు మాత్రం తన బొమ్మలు పక్కన పెట్టి, 'పంచ్' పత్రికలో కార్టూన్లు వేసే టెనియల్‌ని అడిగాడు. ఆయన 42 బొమ్మలు వేశాడు.

ఒక సంగతి గమనించండి. కథలో ఆలిస్ ఎలా ఉంటుందో రచయిత దాదాపు చెప్పనే చెప్పడు. పొడుగు జుట్టు, ముందు కట్టిన ఏప్రన్, ఇవన్నీ టెనియల్ పెన్సిల్లోంచి వచ్చినవే. అసలు ఆలిస్ లిడెల్‌కి చిన్నప్పుడు కురచ జుట్టు, అదీ నల్లది, నుదుటి మీద కత్తిరించి ఉండేది. గ్రిఫిన్ అనే వింత జంతువు వచ్చిన చోట రచయిత వర్ణన జోలికే పోకుండా, తెలియకపోతే బొమ్మ చూసుకోమని పాఠకుడికి చెప్పేస్తాడు. అంటే కథలో కొంత భాగం ఆయన బొమ్మకే వదిలిపెట్టాడు. బొమ్మ తీసేస్తే అక్కడ కథకే చిల్లు పడుతుంది.

ఆ బొమ్మలు అచ్చయిన తీరు మన సైన్సు మాస్టారి ముందు చెప్పాలని ఉంది. బాక్స్‌వుడ్ అనే గట్టి కలపను అడ్డంగా కోసి నున్నగా చేసిన దిమ్మ మీదకి టెనియల్ బొమ్మ ఎక్కించేవాడు, అదీ కుడి ఎడమలు తిరగేసి. డాల్జియెల్ సోదరుల చెక్కడపు దుకాణంలో దాన్ని చెక్కేవారు. ఇక్కడ కష్టమంతా ఒక్కటే. ఏ గీత నల్లగా పడాలో దాన్ని వదిలేసి, తెల్లగా ఉండాల్సిన చోటల్లా తవ్వెయ్యాలి. బొమ్మలో వెంట్రుకంత గీత కనిపిస్తోందంటే దానికి ఇటూ అటూ ఉన్న చెక్కను ఒక మనిషి కూర్చుని తీసేశాడన్నమాట. ఒక నీడ కోసం అడ్డంగా నిలువుగా గీసిన గళ్లుంటాయి చూడండి, అందులో ప్రతి చిన్న తెల్ల గడినీ విడిగా తవ్వాలి.

ఇంత కష్టపడి చెక్కిన దిమ్మను నేరుగా ప్రెస్సులో పెడితే వేల కాపీలకు అరిగిపోతుంది. అందుకని దానికి మూస తీసి, మూస మీద గ్రాఫైట్ పూసి, కాపర్ సల్ఫేట్ తొట్టిలో వేలాడదీసి కరెంటు పంపేవారు. రాగి పలచటి పొరగా మెల్లమెల్లగా పట్టేది. ఆ రాగి బ్లాకుతోనే అచ్చు వేసేవారు. పదో తరగతిలో మనం ఇనప తాళంచెవికి రాగి పూత పూసిన ప్రయోగం గుర్తుందా? నాది నల్లగా వచ్చింది, మార్కులు పోయాయి. అదే ప్రయోగం. అందువల్ల అసలు చెక్క దిమ్మలు అరగకుండా మిగిలాయి. 1985లో లండన్‌లో ఒక బ్యాంకు ఖజానా గదిలో బయటపడ్డాయి.

బ్లాకు, టైపు ఒకే చట్రంలో బిగించి ఒకేసారి అచ్చు వేసేవారు కాబట్టి బొమ్మను పేజీలో ఏ మూలకైనా పెట్టవచ్చు, అక్షరాలు దాని పక్కన సర్దుకుంటాయి. కారల్, టెనియల్ ఇద్దరూ దీన్ని బాగా వాడుకున్నారు. ఇక్కడే మొదట చెప్పిన పిల్లి వస్తుంది. చెషైర్ పిల్లి చెట్టు కొమ్మ మీద కూర్చుని నవ్వుతూ, మెల్లగా తోకనుంచి మాయమై, చివరికి నవ్వు మాత్రం మిగులుతుంది కదా. తొలి ముద్రణలో నిండు పిల్లి ఒక కుడి పేజీలో, సగం కరిగిన పిల్లి తర్వాతి కుడి పేజీలో, దాదాపు ఒకే చోట పెట్టారు. కాగితం తిప్పగానే అదే చెట్టు, అదే కొమ్మ, పిల్లి మాత్రం కరిగిపోతుంది. లూమియేర్ సోదరులు పారిస్‌లో సినిమా చూపించడానికి ముప్ఫై ఏళ్ల ముందు సంగతి ఇది.

మన బీరువాలోని ప్రతిలో ఆ అమరిక లేదు. అది తర్వాత వచ్చిన చవక ముద్రణ. కాగితం ఆదా కోసం రెండు పిల్లుల్నీ ఎదురెదురు పేజీల్లో కూర్చోబెట్టారు. తొలి ప్రతికి నకలుగా వేసిన ముద్రణ వేరేచోట చూశాకే నాకీ సంగతి తెలిసింది. కాబట్టి కాగితం మంచిది, తెర చెడ్డది అని నేను అనడం లేదు. కాగితమూ పాడుచేయగలదు.

మొదటి ముద్రణ గురించి ఇంకో మాట. 1865లో 2000 కాపీలు అచ్చయ్యాక, బొమ్మలు సరిగా పడలేదని టెనియల్ ఒప్పుకోలేదు. అచ్చు ఖర్చు రచయితదే. అయినా కారల్ ఆ కాపీలు ఆపించి, పంచినవాటిని వెనక్కి అడిగి, వేరే ప్రెస్సులో మొత్తం మళ్లీ వేయించాడు. లెక్చరర్ జీతం మీద బతికే మనిషి. మన సావనీరు సంపాదకుడికి ఈ కథ చెప్తే భయపడ్డాడు. ఆ మొదటి కాపీల్లో ఇప్పుడు ఇరవై పైచిలుకే ఉన్నాయంటారు.

1890లో బొత్తిగా పసిపిల్లలకోసం 'నర్సరీ ఆలిస్' అని ఒక చిన్న పుస్తకం వేశాడు. టెనియల్ బొమ్మల్లో 20 పెద్దవి చేసి రంగులు వేయించాడు. అందులో ఆలిస్ గౌను పసుపు రంగు! మనందరికీ నీలం గౌనే తెలుసు కదా, దాన్ని లోకమంతా స్థిరపరిచింది 1951 నాటి డిస్నీ సినిమా. ఆ నర్సరీ పుస్తకంలో పిల్లి దగ్గరికి వచ్చేసరికి, ఈ కాగితం మూల మడిచి చూడమని రచయితే పిల్లలకు చెప్తాడు. మడిస్తే ఇటు ఆలిస్, అటు నవ్వు, రెండూ కలిసి ఒక బొమ్మ అవుతాయి. పుస్తకం మూల మడిస్తే వేళ్ల మీద కొట్టిన లైబ్రరీ పీరియడ్ గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఇక తెర సంగతి. 1903లో ఇంగ్లండ్‌లో సెసిల్ హెప్‌వర్త్, పెర్సీ స్టో కలిసి ఆలిస్ కథను మొదటిసారి సినిమా తీశారు. పన్నెండు నిమిషాలు, మూకీ. టెనియల్ బొమ్మల్ని ఎదురుగా పెట్టుకుని దృశ్యాలు కూర్చారు. చెషైర్ పిల్లి వేషం హెప్‌వర్త్ ఇంటి పిల్లిదే. దానికి నటన రాదు, నవ్వడం అసలే రాదు, మొహం చిట్లించి కూర్చుంటుంది. కానీ ఆలిస్ పెరగడం, చిన్నదవడం కెమెరా కిటుకులతో చూపించారు. పాడైపోగా మిగిలిన భాగాన్ని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ బాగుచేసింది. మరకల మధ్యలోంచి చూసినా, పేజీ తిప్పడంలో ఉన్న మాయ ఏమిటో వాళ్లకు తెలుసని అర్థమవుతుంది.

1933లో పారమౌంట్ వారికి అది తెలియలేదు. టెనియల్ గీసినట్టే ఉండాలని పెద్ద పెద్ద తారలకు ముసుగులు తొడిగారు. క్యారీ గ్రాంట్‌ని తాబేలు డొప్పలో దాచేశారు. టికెట్ కొని వచ్చినవాడికి తన హీరో ఎక్కడున్నాడో తెలియలేదు. సినిమా ఆడలేదు. గీత పోలిక దించారు కానీ, కాగితం మీద ఆ గీత చేసిన పని రబ్బరు ముసుగు చేయలేకపోయింది.

డిస్నీ వాళ్లు తెలివిగా తప్పుకున్నారు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నడిచే బొమ్మల సినిమాలో టెనియల్ గళ్ల నీడలు ప్రతి ఫ్రేములోనూ గీయడం అయ్యే పని కాదు. మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణి నీడలు వదిలేసి నిండు రంగుల పలకలతో లోకం కట్టింది. పిల్లికి గులాబీ, ఊదా చారలు వచ్చాయి. చారలు ఒక్కొక్కటే మాయమవుతాయి. టెనియల్ పోలిక లేదు, కానీ పిల్లి మాత్రం సరిగ్గానే మాయమైంది. నాకు ఆ సినిమా ఇష్టం. 2010 నాటి టిమ్ బర్టన్ సినిమా అంత ఇష్టం లేదు. అందులో ఏదైనా మాయం కాగలదు, అందువల్ల ఏది మాయమైనా ఆశ్చర్యం వేయదు.

అదే 1951లో మనకు 'పాతాళభైరవి' వచ్చింది. దాన్ని తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947 నుంచి 'చందమామ' నడుపుతున్నారు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడు మనకు శంకర్ గారి బొమ్మగానే తెలుసు. ఆ బొమ్మ కథ మొదట్లో ఉండాలి. చివర్లో ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. మన బీరువాలో బైండు చేసిన చందమామలు పదకొండు సంపుటాలున్నాయి, నా స్కానింగు పట్టికలో అవి మూడో వరుస. వాటి బొమ్మల్ని కూడా ఫోల్డర్లోకి ఊడ్చేసేవాణ్ణే.

కాబట్టి సవరించిన ప్రతిపాదన ఇది, కార్యవర్గం ముందు రాతలో కూడా పెట్టాను. పాఠ్యపుస్తకాలు, గైడ్లు, నిఘంటువులు స్కాన్ చేద్దాం, వాటికి ఏ నష్టమూ లేదు. బొమ్మల పుస్తకాలను అక్షరం వేరు, బొమ్మ వేరు చేయకుండా పేజీకి పేజీ ఫొటో తీద్దాం, ఏ పేజీ వెనక ఏ పేజీ ఉందో ఫైలు పేరులోనే రాద్దాం. వాటి కాగితం ప్రతులు మాత్రం బయటికి పోకూడదు. లెక్కపెట్టాను, అలాంటివి 214 ఉన్నాయి. ఒక్క బీరువా చాలు. ల్యాబుకి ఆ గదిలో ఏడడుగుల గోడ తగ్గుతుంది. ఒక కంప్యూటర్ బల్ల తక్కువ పడుతుంది, దాన్ని వరండాలోకి మార్చే ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. వెనక వరుస వాళ్లకు ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది, క్షమించాలి.

చెదల మందు కొట్టించడం, విడిపోయిన బైండింగు కుట్టించడం ఈ వేసవి సెలవుల్లో అయిపోవాలి. అప్పట్లో లైబ్రరీ చూసుకున్న తెలుగు మాస్టారు ఏ పుస్తకం ఎవరు చింపారో ఇప్పటికీ చెప్పగలరు. ఆయన్ని అడిగి పట్టిక సరిచూసుకుంటాను.

వేదిక పక్కన బల్ల మీద 'లుకింగ్ గ్లాస్' పుస్తకం తెరిచి పెట్టాను. అద్దం బొమ్మ దగ్గర గుర్తుగా దారం ఉంది. భోజనాలకు వెళ్లేముందు ఒకసారి ఆ పేజీ తిప్పి చూడండి. భోజనమయ్యాక అయితే చేతులు కడుక్కుని.