బిడ్డల కుంపటికి మన అండ
(ఖరగ్‌పూరు ప్రసంగ పాఠము)



ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో ఆకురాయి, సుత్తి పట్టిన మన చేతులకు లోహము కొత్త గాదు. మన బిడ్డలు కంసాలిపని నేర్చి స్వంత కుంపటి పెట్టుకొందుమన్నచో సంతోషింతము. కాని కష్టము నెరిగి పంపుదము.

1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారట్లకు మించిన నగల తయారీని నిషేధించగా కంసాలుల కుంపట్లు చల్లారినవి. నెలజీతము, భవిష్యనిధి లేని కుటుంబములు వీధిపాలైనవి. ఆ నియంత్రణ 1990లోగాని పూర్తిగా తొలగలేదు.

2023లో కేంద్రము ప్రారంభించిన విశ్వకర్మ పథకము కంసాలికి 5 శాతము వడ్డీపై మొదట లక్ష రూపాయల ఋణమునకు వీలు కల్పించినది. అయితే ప్రభుత్వోద్యోగి కుటుంబమునకు, అవివాహితులైన బిడ్డలతో సహా, అది వర్తింపదు! తండ్రి జీతము బిడ్డ కుంపటికి పెట్టుబడి కాజాలదు. వయోజనులైన రైల్వే, తపాలా ఉద్యోగుల బిడ్డలకు ఈ నిబంధన సడలింపవలెనని మనము ఏకకంఠముతో కోరుదము.