డాక్టరు బిరుదము – ఔషధవిద్య

డాక్టరనగా వైద్యుడనియే మన వాడుక. లాటిను భాషలో నా పదమునకు బోధకుడని యర్థము. అందుచేతనే సాహిత్యమునందును, గణితమునందును పరిశోధన చేసిన పండితులకు నా బిరుదము కలదు.

2008వ సంవత్సరమున భారత ఫార్మసీ కౌన్సిలు మన దేశమున 'ఫార్మ్-డి' పట్టమును ప్రవేశపెట్టెను. ఐదేండ్లు చదువు, ఒక యేడు ఆసుపత్రిలో శిక్షణ. దీని పూర్తి పేరు 'డాక్టర్ ఆఫ్ ఫార్మసీ'; కావున పట్టభద్రులు తమ పేరునకు ముందు డాక్టరని వ్రాసికొనుచున్నారు. వీరు ఔషధముల గుణదోషముల నెరిగినవారు. రక్తము గడ్డకట్టకుండ వాడు మందుతో నొప్పిమాత్ర చేరినచో రక్తస్రావము కలుగవచ్చునని ముందే హెచ్చరింపగలరు. ఇది ప్రాణములు కాపాడు విద్య.

అయినను రోగనిర్ణయము చేసి మందు వ్రాయు నధికారము ఈ పట్టమువలన రాదు. అది నమోదైన వైద్యులదే. కావున బిరుదమును గౌరవింపుడు. కాని చేయి చూపుటకు ముందు, 'అయ్యా, తాము వైద్యులా, ఔషధనిపుణులా?' యని యడుగుడు. అట్లడుగుట యవమానము కాదు. జ్వరమునకు వైద్యుని, మందుల సందేహమునకు ఔషధనిపుణుని ఆశ్రయించుట యిరువురకును గౌరవము, మనకు క్షేమము.