అమ్మమ్మ ఒడి – కారు సీటు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను పచ్చళ్ళ గురించో, పండగ పిండివంటల గురించో కాక కారు గురించి మాట్లాడబోతున్నానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. "పదో తరగతితో చదువు ఆపేసిన ఈవిడకి కార్ల సంగతేం తెలుసు?" అనుకోవచ్చు. నిజమే, నాకు స్టీరింగు పట్టుకోవడం కూడా రాదు. కానీ కారులో పసిపిల్లల్ని ఎత్తుకుని కూచునేది ఎవరు చెప్పండి? మనమే కదూ! అందుకే ఈ మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది.

కిందటేడు మేమంతా హన్మకొండ నుంచి యాదగిరిగుట్టకు వెళ్ళాం. దర్శనం బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో మా అల్లుడు కారు నడుపుతున్నాడు. పక్క సీట్లో నేను, నా ఒళ్ళో రెండేళ్ళ మనవడు. బెల్టు పెట్టుకుంటే పిల్లవాడికి ఒత్తుకుంటుందని నేను దాన్ని వీపు వెనకనుంచి లాగి తగిలించాను. అలా చేస్తే కారు 'కీ కీ' మని అరవదు కదా, అందుకని! ఆలేరు దాటి జనగామ వైపు వస్తున్నాం. ఉన్నట్టుండి మేకలమంద రోడ్డుకు అడ్డం వచ్చింది. అల్లుడు గట్టిగా బ్రేకు వేశాడు. కారు దేనికీ తగల్లేదు. ఒక్క మేకకూ దెబ్బ తగల్లేదు. కానీ నా చేతుల్లో ఉన్న పిల్లవాడు ఎప్పుడు జారాడో నాకే తెలియలేదు. నుదురు వెళ్ళి ముందున్న బల్లకు కొట్టుకుంది. కనుబొమ్మ పైన మూడు కుట్లు పడ్డాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు చేతులా పట్టుకునే ఉన్నానే, ఎలా జారాడు? ఈ ప్రశ్నకు జవాబు మా అబ్బాయి చెప్పాడు. వాడు ఇంజనీరింగు చదివాడు లెండి.

కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే లోపల ఉన్న మనమూ అదే వేగంతో పోతున్నట్టు. కారు ఆగినా, మనల్ని ఏదో ఒకటి పట్టి ఆపేదాకా మనం ఆగం. ఆ వేగంతో దేన్నైనా గుద్దుకోవడమంటే సుమారు పది మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడమీదినుంచి పడ్డంత. కారు సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోయిందనుకోండి, 10 కిలోల పిల్లవాణ్ణి ఒడిసి పట్టుకోవాలంటే దాదాపు 140 కిలోల బరువును ఆపగలిగే బలం కావాలి. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు అయిదున్నర! మన చేతులకు ఆ బలం ఎక్కడిది? పైగా మనం బెల్టు పెట్టుకోకపోతే మన బరువంతా వెళ్ళి ఆ పసివాడి మీదనే పడుతుంది. పోనీ ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుడదామా అంటే అది ఇంకా ప్రమాదం. బెల్టుకూ మనకూ మధ్య పిల్లవాడు నలిగిపోతాడు.

ముందు సీటులో ఇంకొక గండం ఉంది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు రెప్పపాటు కన్నా తొందరగా విచ్చుకుంటుంది. అది పెద్దవాళ్ళ కొలతకు చేసింది. పెద్దవాళ్ళ ఛాతీని కాపాడే ఆ సంచే పసివాడి తలకు పిడిగుద్దు అవుతుంది. అందుకే పిల్లల చోటు వెనక సీటే.

మేం కారు కొన్నప్పుడు ఏమడిగామో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది, ఏసీ బాగా చల్లబరుస్తుందా, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయి, ఈ రంగు కాక వేరే రంగు ఉందా – ఇవే. భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, కారుతో వచ్చిన పుస్తకానికి కుంకుమబొట్టు పెట్టి లోపల పెట్టేశాం. మూడేళ్ళు దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. పిల్లవాడికి దెబ్బ తగిలాక అల్లుడు ఆ పుస్తకం తీశాడు. ఏ వయసు పిల్లలకు ఎలాంటి సీటు, దాన్ని కారులో ఎక్కడ బిగించాలి అని అందులో బొమ్మలతో సహా ఉంది! వెనక సీటులో వీపు ఆనే చోటుకూ కూచునే చోటుకూ మధ్య సందులో చెయ్యి పెట్టి చూస్తే రెండు ఇనుప కొక్కేలు తగిలాయి. వాటిని ఐసోఫిక్స్ కొక్కేలంటారట. పిల్లల సీటును వాటికి 'టక్'మని తగిలిస్తే కదలకుండా కూచుంటుంది. మూడేళ్ళుగా ఆ కొక్కేల మీదనే కూచుని తిరుగుతున్నాం, తెలియలేదు.

కాబట్టి అమ్మలారా, ఈసారి కారు కొనేటప్పుడు మనం అడగవలసినవి కొన్ని ఉన్నాయి. వెనక సీటులో నడిమి చోటుతో సహా అందరికీ భుజం మీదుగా వచ్చే బెల్టులున్నాయా? ఐసోఫిక్స్ కొక్కేలున్నాయా? పిల్లల సీటు పైభాగాన్ని వెనక్కి లాగి కట్టే పట్టీకి కొక్కెం ఉందా? వెనక తలుపులకు పిల్లలు తీయలేని తాళం ఉందా? ఇంకొకటి. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష వచ్చింది. కార్లను గుద్దించి చూసి నక్షత్రాలు ఇస్తారు. పెద్దల రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49 మార్కులు. నక్షత్రాలు కూడా ఎవరివి వారికే. ఏడాదిన్నర పిల్లంత ఒక బొమ్మను, మూడేళ్ళ పిల్లంత ఒక బొమ్మను కూచోబెట్టి చూస్తారు. దుకాణంలో "అయిదు నక్షత్రాల కారమ్మా" అంటే, "పిల్లలకు ఎన్ని?" అని అడగండి.

ఇక సీటు సంగతి. వయసు ఒక్కటే కాదు, పిల్లల బరువు, ఎత్తు చూసి కొనాలి. చంటిపిల్లలకు కారు వెనకవైపు ముఖం ఉండే సీటు కావాలి. మెడ నిలవని బిడ్డను ఎత్తుకుంటే తల కింద చెయ్యి వేస్తాం కదా, ఇదీ అంతే. పసివాళ్ళకు తల బరువు, మెడ లేత. కారు ఆగినప్పుడు ఆ సీటు వీపునూ మెడనూ తలనూ ఒకేసారి పట్టి కాస్తుంది. 1960ల్లో స్వీడన్ దేశపు ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ ఇలాంటి సీటు తయారుచేశాడు. అమెరికా జెమినీ నౌకలో వ్యోమగాములు వీపు ఆనించి పడుకోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. కనీసం పదిహేను నెలలు నిండేదాకా, ఆ పైన కూడా ఆ సీటులో పట్టినన్నాళ్ళు అలా కూచోబెట్టడమే మేలు.

తర్వాత ముందుకు చూసే సీటు. రెండు భుజాల మీదుగా, రెండు తుంటిపక్కలా, కాళ్ళ నడుమ ఒకటి – మొత్తం అయిదు చోట్ల పట్టీలుంటాయి. బిగించాక భుజం దగ్గర పట్టీని వేళ్ళతో మడత పట్టి చూడండి. మడత వస్తే వదులుగా ఉన్నట్టే. సీటును పట్టుకుని ఊపితే అంగుళం కంటే కదలకూడదు. ఇంకా పెద్దయ్యాక ఎత్తు పీట లాంటి బూస్టరు. దాని మీద కూచుంటే పెద్దల బెల్టు మెడకు కాకుండా భుజానికి, పొట్టకు కాకుండా తుంటి ఎముకలకు ఆనుతుంది. బ్రిటన్‌లో 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, లేదా పన్నెండేళ్ళు నిండేదాకా పిల్లలకు ఇలాంటి సీటు తప్పనిసరి. ఒకసారి ప్రమాదంలో పడిన పాత సీటును మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి.

సీటు తెచ్చిన రోజు మా అత్తమ్మ కోప్పడింది. "బంగారమసొంటి పిలగాన్ని తాళ్ళేసి కట్టేస్తరా? ఒళ్ళె కూసోబెట్టుకుంటే ఏమైతది?" అంది. "అత్తమ్మా, యశోదమ్మ కృష్ణుణ్ణి రోటికి కట్టలేదా?" అన్నాను. "కడితే ఏమైంది? రోలే గుంజుకపోయిండు" అంది. "అందుకే మనం రోలును కూడా కారుకు కట్టేశాం" అన్నాను. నవ్వింది. నవ్వింది గానీ ఒప్పుకోలేదు. నేనిక మాట్లాడకుండా పిల్లవాడి నుదుటి మీది మచ్చను చూపించాను. ఆమె చాలాసేపు వాడి తల నిమురుతూ కూచుంది.

పిల్లవాడు కూడా మొదట ఏడ్చాడు. నాలుగు రోజులు ఆ సీటును ఇంట్లోనే పెట్టి, అందులో కూచోబెట్టి కథలు చెప్పాను. తర్వాత అలవాటైపోయింది. మన ఓరుగల్లు ఎండల సంగతి తెలిసిందే కదా! ఎండలో ఆగిన కారులో బకిలు అట్లపెనంలా కాలుతుంది. పైన తడిబట్ట కప్పి, చేత్తో తాకి చూసి మరీ పెట్టండి. ఆగి ఉన్న కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి.

చట్టం కూడా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194-బి సెక్షను ప్రకారం, 14 ఏళ్ళు నిండని పిల్లల్ని బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకుండా తీసుకుపోతే 1,000 రూపాయల జరిమానా. కారు లేని వారికీ ఒక మాట. స్కూటరు మీద తీసుకెళ్ళే నాలుగేళ్ళ లోపు పిల్లలను నడిపేవారితో కలిపి కట్టే పట్టీ ఉండాలని, వాళ్ళ తలకు సరిపడే హెల్మెటు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రప్రభుత్వం నియమం పెట్టింది. 2023 ఫిబ్రవరి నుంచి అది అమలులోకి వచ్చింది.

సీటుకు కొన్ని వేలు అవుతాయి, కాదనను. పుట్టినరోజుకు, అన్నప్రాశనకు బంధువులంతా తలా ఒక ఉంగరం, తలా ఒక గొలుసు పెడతారు. వాళ్ళతో ముందే చెప్పి, నలుగురూ కలిసి ఒక సీటు కొనిపెట్టమనండి. మేం మా చెల్లెలి మనవరాలికి అలాగే చేశాం.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం. అందరి బెల్టులూ 'టక్' మనకుండా కారు కదలదు. మొన్న కాజీపేట స్టేషనుకు వెళ్తూ హడావుడిలో నేను బెల్టు మరిచిపోయాను. వెనకనుంచి మనవడి గొంతు వినిపించింది – "అమ్మమ్మా, నీది టక్ అనలేదు!"