చీటీ ముందు తీసినా, చివర తీసినా



మన పంచసూత్రాల్లో అంతర్గత అప్పు ఒకటి. సంఘంలో ఉన్న డబ్బేమో ఇద్దరికే సరిపోతుంది, అడిగేవాళ్లు పదిమంది. అప్పుడు చీటీలు రాసి తీస్తాం. గొడవ అక్కడే మొదలవుతుంది. "లీడరమ్మ ముందు తీసి మంచి చీటీ పట్టుకుపోయింది, మాకేం మిగిలింది?" అంటాం. ఇలాంటి అనుమానం ముదిరితే సమావేశానికి రావడం మానేస్తాం, పొదుపూ ఆగిపోతుంది. అందుకే ఈ లెక్క ఒకసారి చూద్దాం.

గిన్నెలో 10 చీటీలు. రెండింటి మీద "అప్పు" అని రాశాం, 8 ఖాళీ. తీసిన చీటీ మళ్లీ గిన్నెలో వేయం. ముందు తీసే అక్కకు 10లో 2 వంతుల అవకాశం. రెండో అక్క చెయ్యి పెట్టేసరికి ఉన్నవి 9 చీటీలే. మొదటి అక్కకు అప్పు వచ్చి ఉంటే ఈమెకు 9లో 1 వంతు, రాకపోయి ఉంటే 9లో 2 వంతులు.

ఇలా 90 సార్లు తీశామనుకోండి. సగటున మొదటి అక్కకు 18 సార్లు వస్తుంది. ఆ 18లో తొమ్మిదో వంతు, అంటే 2 సార్లు రెండో అక్కకూ వస్తుంది. మిగతా 72లో తొమ్మిదింట రెండు వంతులు, అంటే 16 సార్లు ఆమెకు వస్తుంది. 2, 16 కలిపితే 18. ఇద్దరికీ సమానమే కదమ్మా! చివరి అక్కకూ అంతే. ఆఖరున మిగిలేది ఆ పదింటిలో ఏ చీటీ అయినా కావచ్చు.

మరి అత్తాకోడళ్లిద్దరికీ వస్తే? 90 సార్లలో 2 సార్లు అలా రావచ్చు. అరుదే గానీ, వచ్చినంత మాత్రాన మోసం అనలేం.

మోసానికి చోటు వరసలో లేదు, చీటీలో ఉంది. అందుకని చీటీలన్నీ ఒకే కాగితంతో, ఒకే కొలతలో చేయండి, ఒకేలా మడవండి. అందరి ముందు లెక్కపెట్టి గిన్నెలో వేయండి. పదిమందీ తీశాకే ఒక్కసారిగా విప్పండి. ఫలితం తీర్మానాల పుస్తకంలో రాసి అందరూ సంతకాలు చేయండి.

చివరిగా ఒక్క మాట. ఆసుపత్రి ఖర్చు మీదపడ్డ చెల్లిని గిన్నె దగ్గర నిలబెట్టకండి. ఆమెకు ముందే తీర్మానం చేసి ఇవ్వండి. అవసరాలు సమానంగా ఉన్నప్పుడే చీటీ న్యాయం చేస్తుంది. అవసరం ఎవరిది ఎక్కువో చీటీకి తెలియదు, మనకే తెలుస్తుంది.