కారులోని శీతలయంత్రము: మరమ్మతులో మెలకువలు



వైశాఖమాసపు మధ్యాహ్నమున హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై ప్రయాణము చేసినవారికి మెట్టప్రాంతపు ఎండ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. గరికపాడు దాటినది మొదలు జగ్గయ్యపేట మీదుగా నందిగామ చేరువరకు సున్నపురాతి నేల వేడిని గ్రక్కుచుండును. పాలేరు, మునేరు సన్నగిల్లియుండును. సిమెంటు లారీల దుమ్ము సరేసరి. 2022 వరకు కృష్ణాజిల్లాలో నుండి, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ రెండు ఊళ్లవారితో కారులోని శీతలయంత్రము విలాసవస్తువని చెప్పినచో నవ్వుదురు. అమెరికాలో ప్యాకార్డు కంపెనీవారు 1939లో దీనిని తమ కార్లకు అమర్చి చూపినప్పుడు అది ధనవంతుల ముచ్చట. నేడు అద్దెకారు నడుపుకొను డ్రైవరునకు కూడ అది లేనిదే బేరము కుదరదు.

అందుచేత వేసవి వచ్చినదనగానే మరమ్మతు దుకాణముల ముందు ‘ఏసీ గ్యాసు పట్టబడును’ అను పలకలు వెలయును. చిక్కంతయు ఈ మాటలోనే యున్నది. పట్టుట యనగానే టైరునకు గాలి పట్టుట, బండికి పెట్రోలు పట్టుట మనకు స్ఫురించును. పెట్రోలు ఖర్చగును; ఈ గ్యాసు ఖర్చయ్యెడి వస్తువు కాదు. కంప్రెసరు దానిని అదిమి, కారు ముందుభాగమున నున్న కండెన్సరులోనికి పంపును. అక్కడ అది తన వేడిని వదలి ద్రవమగును. ఆ ద్రవము సన్నని ద్వారమున దూరి, డాష్‌బోర్డు వెనుకనున్న కూలింగు కాయిలులో ఆవిరియై, మన చుట్టునున్న వేడిని గ్రహించి, తిరిగి కంప్రెసరునకు చేరును. కూజా చెమర్చి నీటిని చల్లబరచుటయు ఇట్టిదే. కూజా చెమట గాలిలో కలిసిపోవును. ఇది మాత్రము మూసిన గొట్టములలోనే తిరుగుచుండును. రబ్బరు గొట్టముల గుండ ఏండ్ల తరబడిని కొద్దిగా జారుట సహజమే. కాని ఏటేట గ్యాసు పట్టించవలసి వచ్చుచున్నదన్నచో ఎక్కడనో లీకు ఉన్నదని అర్థము. దానిని వెదకక క్రొత్త గ్యాసు నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే.

ఈ గొట్టములలోని ఒత్తిడిని గూర్చి మేము కొంత విపులముగా చెప్పదలచినాము. ఏలయనగా, ఇంజను ఆపినాము గదా యను ధైర్యముతోనే చాలమంది దెబ్బతినుచున్నారు. కారు టైరులో చదరపు సెంటీమీటరునకు సుమారు 2.3 కిలోల ఒత్తిడి యుండును. మన కార్లలో ఎక్కువగా వాడబడు ‘ఆర్ 134ఎ’ అను గ్యాసు, 40 డిగ్రీల వేడిలో, ఆగియున్న కారులోనే 9 కిలోలకు పైబడిన ఒత్తిడితో నుండును. టైరునకు నాలుగురెట్లన్నమాట. బోనెట్టు క్రింద వేడి 60 డిగ్రీలకు చేరినచో ఒత్తిడి 16 కిలోల వరకు పోవును. ఎండలో ప్రయాణించి వచ్చిన కారును వచ్చినదే తడవుగా విప్పబూనుట ఎంత సాహసమో దీనినిబట్టి గ్రహించవచ్చును.

ఇంకొక సంగతి. ఆగియున్న యంత్రములో ద్రవము కొంచెమైనను మిగిలియున్నంతవరకు, గేజీ చూపునది వేడిమినే గాని గ్యాసు పరిమాణమును కాదు. ఇండ్లలో వంటగ్యాసు వాడు గృహిణులకు ఇది తెలిసిన విషయమే. సిలిండరు నిండుగ నున్నను, అడుగంటుచున్నను పొయ్యి ఒకే తీరున మండును. ఎంత మిగిలినదో ఎత్తి చూచిననే తెలియును. కారునకు కూడ తూకమే ప్రమాణము. బోనెట్టు క్రింద అంటించిన చీటీపై ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని వ్రాసియుండును. ఉన్న గ్యాసును యంత్రముతో తీసి, వాక్యూము పంపుతో గాలిని, తేమను లాగి, ఆ తూకము ప్రకారము నింపుట సరియైన పద్ధతి. చేతితో గొట్టము తాకి ‘ఇంక కొంచెము పట్టుము’ అనునది పద్ధతి కాదు. మోతాదు మించినచో ఒత్తిడి పెరిగి కంప్రెసరు దెబ్బతినును, గొట్టము పగులవచ్చును.

ఇక మనుష్యుని సంగతి. ఈ ద్రవము బయటి గాలిలో సున్నకు దిగువ 26 డిగ్రీల వద్దనే మరగును. మరుగుటకు కావలసిన వేడిని, తాను తాకిన దానినుండి లాగుకొనును. తాకినది వ్రేలైనచో వ్రేలు గడ్డకట్టును. కన్నైనచో చూపునకే ముప్పు. దుకాణములలో నట్టు సడలించు పని సాధారణముగా చేతిక్రింది కుర్రవానికి అప్పగింతురు. వాడు సరిగా కనబడుటకై ముఖము వంచి, కళ్లు దగ్గర పెట్టి స్పానరు త్రిప్పును. మేము చూచిన చోట్ల కంటి అద్దములు గోడకు వ్రేలాడుచునే యున్నవి. మామూలు కళ్లజోడు దీనికి చాలదు. ప్రక్కలు కూడ మూసియుండు అద్దములు, మందపు చేతితొడుగులు ఉండవలెను. ఒకవేళ ద్రవము చర్మమునకు తగిలినచో రుద్దకూడదు, నిప్పుసెగ చూపకూడదు. గోరువెచ్చని నీటిలో ఆ భాగము నుంచవలెను. కంట పడినచో పదిహేను నిమిషములు ఎడతెగక నీటితో కడుగుచు వెంటనే వైద్యుని కడకు తీసికొనిపోవలెను.

ఈ ఆవిరి గాలికంటె మూడున్నర రెట్లు బరువు. వాసన దాదాపు లేదు. కారు క్రింద పనిచేయుటకు త్రవ్విన గుంటలోనికి దిగి, అక్కడి గాలిని త్రోసివేయును. అందున్నవానికి ఊపిరాడదు, కారణమును తెలియదు. సిగరెట్టు, వెల్డింగు మంట, ఎఱ్ఱగా కాలిన ఇనుము దీనిని తాకినచో ఘాటైన విషవాయువులు పుట్టును. తలుపులు తెరచియుంచుట, మంటను దూరముగా నుంచుట తప్పనిసరి. లీకు వెదకుటకు సబ్బునురుగు, పొడి నైట్రోజను చాలును. వెల్డింగువాని ఆక్సిజను సిలిండరు చేరువలో నున్నదని దానిని ఎక్కించుట ప్రాణాంతకము. కంప్రెసరులోని నూనె ఆక్సిజనుతో కలిసిన ప్రేలుడే.

చౌక కొరకు వంటగ్యాసును ఎక్కించు దుర్బుద్ధి కూడ కొందరికి కలదు. అది చల్లబరచును, నిజమే. కాని కూలింగు కాయిలు మనము కూర్చున్న గదిలోనే యున్నదని మరువరాదు. అక్కడ చిన్న రంధ్రము పడినను మండెడి వాయువు మూసిన కారులో నిండును. కల్తీ గ్యాసు సంగతి ఇంతకంటె భయంకరము. 2011లో ఓడలపై సరకు మోయు శీతల కంటెయినర్లు కొన్ని ప్రేలి పనివారు మరణించిరి. మరమ్మతులో ఎక్కించిన కల్తీ గ్యాసులోని మిథైలు క్లోరైడు, కంప్రెసరులోని అల్యూమినియముతో కలిసి, గాలి సోకినంతనే మండు పదార్థముగా మారినదని తేలినది. కారు కంప్రెసరులోను ఉన్నది అల్యూమినియమే. సీలు లేని డబ్బాను, పేరెరుగని సిలిండరును దరికి రానీయకుండుట మేలు.

బ్యాటరీతో నడుచు కార్లు, రెండు విధముల నడుచు కార్లు ఇప్పుడు ఈ రహదారిపై కనబడుచున్నవి. వీనిలో కంప్రెసరు వందల వోల్టుల విద్యుత్తుతో తిరుగును. నారింజరంగు తీగ కనబడినచో, ఆ పనిలో శిక్షణ పొందనివారు చేయి పెట్టకూడదు.

పాత గ్యాసును గాలిలోనికి వదలుట గూర్చి ఒక మాట. పూర్వపు ‘ఆర్ 12’ ఓజోను పొరకు హాని చేయునని 1987లో మాంట్రియలు ఒప్పందము వచ్చినది. 2010 నాటికి మన దేశము అట్టి గ్యాసులను మానినది. ‘ఆర్ 134ఎ’ ఓజోనుకు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించుటలో ఒక కిలో బొగ్గుపులుసు వాయువునకు సుమారు 1,430 కిలోలతో సమానము. చిన్నకారులో పట్టు 450 గ్రాములు వదలినచో సుమారు 280 లీటర్ల పెట్రోలు తగులబెట్టినంత.

ఇదంతయు మెకానిక్కులకు చెప్పవలసినది గదా, మాకేల యని శ్రోతలు అడుగవచ్చును. నందిగామ కూడలిలో కారాపి, పెండ్లి ముహూర్తమునకు పోవలెను, అరగంటలో కానిమ్మని తొందరపెట్టునది మెకానిక్కు కాదు. లీకు వెదకుట కొక పూట పట్టును, గ్యాసు తీయు యంత్రమునకు వేరే రుసుము అని అతడు చెప్పగా, అవన్నియు వద్దు, గొట్టము విప్పి వదలివేయుమని బేరమాడునదియు అతడు కాదు. ఆ మాటతో స్పానరు కుర్రవాని చేతికి పోవును. పనికి ఇచ్చెడివారు ఫాల్గుణమాసములోనే, ఉదయపు చల్లని వేళ, ఇంజను చల్లారిన పిమ్మట కారును అప్పగించి, ఒక పూట గడువీయవలెను. ఆ కుర్రవాడు అద్దములు పెట్టుకొన్న తరువాతనే బోనెట్టు తెరువుమని చెప్పుటకు మనకు హక్కున్నది. పని చేయించుకొను మన మాటను దుకాణదారు కాదనడు.