గంజాయి పరిశోధన: ప్రశ్న ఎవరి చేతిలో ఉంది?

గంజాయి మంచిదా చెడ్డదా అన్న తీర్పు చెప్పడానికి నేను రాలేదు. మన విశాఖ మన్యంలో ఆ పంట ఎంతమందిని జైలుపాలు చేసిందో మీకు తెలిసిందే. అమెరికాలో ఆ మొక్క మీద పరిశోధన ఎలా సాగిందో చెబుతాను.

అక్కడ 1968 నుంచి యాభై ఏళ్లకు పైగా, పరిశోధనల కోసం గంజాయి పండించే అనుమతి ఒక్క మిసిసిపీ విశ్వవిద్యాలయానికే ఉండేది. 1974లో నైడా అనే కేంద్ర సంస్థ పుట్టాక ఆ పంట దాని అజమాయిషీలోకి వెళ్లింది. మత్తు అలవాటు తెచ్చే నష్టాలను తేల్చడం నైడా పని. మందుగా పనికొస్తుందా అని అడిగేవాడు కూడా సరుకు కోసం ఆ గడపే తొక్కాలి!

శాన్‌ఫ్రాన్సిస్కోలో డోనల్డ్ ఏబ్రమ్స్ అనే డాక్టరు అలాగే తొక్కాడు. ఎయిడ్స్ రోగులు చిక్కి శల్యమైపోతున్న రోజులవి. గంజాయి తాగితే ఆకలి పుడుతోందని రోగులే అంటుంటే, పరీక్షించి చూద్దామనుకున్నాడు. మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సరేనంది. నైడా సరుకివ్వనంది. ఏళ్లు గడిచాక ఆయన ప్రశ్నను తిరగేశాడు: ఎయిడ్స్ మందులు వాడేవాళ్లకు గంజాయి వల్ల ప్రమాదముందా? 1997లో సరుకూ వచ్చింది, దాదాపు పది లక్షల డాలర్లూ వచ్చాయి. రోగులను 21 రోజులు ఆస్పత్రిలోనే ఉంచి చూశారు. 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. రక్తంలో వైరస్ పెరగలేదు. పైగా ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్లకన్నా గంజాయి తాగినవాళ్లు ఎక్కువ బరువు పెరిగారు. చిన్న పరీక్షే, దాంతో అంతా తేలిపోయిందనను. కానీ చూడండి, ఫలితాలను ఎవరూ దిద్దలేదు. కాపలా అంతా ప్రశ్న దగ్గరే.

మసాచుసెట్స్ ఆచార్యుడు లైల్ క్రేకర్ తానూ పండిస్తానని 2001లో దరఖాస్తు పెట్టాడు. 2007లో మాదకద్రవ్యాల నియంత్రణ శాఖ సొంత న్యాయమూర్తే ఇవ్వొచ్చన్నారు. 2009లో ఆ శాఖ కాదంది. కొత్తవాళ్లకు అనుమతులు మొదలైంది 2021లో. అప్పటికే చాలా రాష్ట్రాల్లో గంజాయి కొట్లలో దొరుకుతోంది. కొనుక్కునేవాడికి లేని అడ్డు పరిశోధకుడికి!

అలాగని సర్కారు సొమ్ము ముట్టుకుంటేనే మైల అనను. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో గంజాయిపై కమిషన్ వేసింది. మితంగా వాడితే పెద్ద హాని కనబడలేదు, నిషేధం అక్కర్లేదు అని కమిషన్ తేల్చింది. అది గంజాయిని కూడా ఆపించాలనుకున్న మద్యపాన వ్యతిరేకులు ఆశించిన జవాబు కాదు. అయితే ఆ ప్రభుత్వానికి గంజాయి మీద ఎక్సైజు రాబడి ఉండేదన్నదీ మరవకూడదు.

రేపు పేపర్లో గంజాయి గురించి ‘పరిశోధనలో తేలింది’ అని చదివితే, డబ్బెవరిది, సరుకెవరిది, అడగనివ్వని ప్రశ్న ఏది అని ఒక్కసారి విచారించండి.